మాండవ్యుడు గీసిన గీత

మహాభారతంలో ఒక బాలల చట్టం ఉంది. ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవలేదు గానీ చట్టానికి కావలసిన హంగులన్నీ ఉన్నాయి: ఒక నేరం, ఒక శిక్ష, ఒక అప్పీలు, చివర్లో వయసు దగ్గర ఒక గీత. ఆదిపర్వంలో మాండవ్యుడనే ముని మౌనవ్రతంలో ఉండగా దొంగలు వచ్చి ఆయన ఆశ్రమంలో సొత్తు దాస్తారు. వెంటపడి వచ్చిన రాజభటులు ఎంత అడిగినా ముని నోరు విప్పడు. దొంగలతో పాటు ఆయన్నీ కొరత వేస్తారు. ప్రాణం మాత్రం పోదు. సంగతి తెలిసిన రాజు వచ్చి కాళ్ల మీద పడతాడు. కొర్రు బయటికి రాకపోతే కోసేస్తారు, మొన లోపలే ఉండిపోతుంది. ఆ మొనతోనే తిరిగి తిరిగి ముని ఒకనాడు యమధర్మరాజు దగ్గరికి వెళ్లి నిలదీస్తాడు, నేనేం పాపం చేశానని. చిన్నప్పుడు తూనీగల్ని పుల్లలకు గుచ్చావు గనక, అంటాడు యముడు.

ముని కోపం రెండు తీర్పులుగా బయటికొచ్చింది. పద్నాలుగేళ్ల వరకు ఎవరేం చేసినా అది పాపం కింద లెక్కకు రాదన్నది మొదటిది. ఇంత చిన్న తప్పుకు ఇంత పెద్ద శిక్ష వేసిన నువ్వు మనిషివై శూద్ర స్త్రీ కడుపున పుట్టు అన్నది రెండోది. యముడు విదురుడై పుట్టాడు. (శూద్ర స్త్రీ కడుపున పుట్టడమే శిక్ష అనుకోవడంలో మరో అన్యాయం ఉంది. దాని మీద వేరే వ్యాసం రాయాలి.) మనవాళ్లు పిల్లల నేరాల గురించి మాట్లాడినప్పుడల్లా మొదటి తీర్పు దగ్గరే ఆగిపోతారు, పద్నాలుగా, పదహారా, పద్దెనిమిదా అని. రెండో తీర్పు ఎవరికీ గుర్తుకు రాదు. వయసు నిర్ణయించిన నోటితోనే ముని న్యాయమూర్తి వైపు వేలు చూపించాడు.

తూనీగల సంగతి నాకు తెలుసు. మా ఊళ్లో వాన వెలిసిన సాయంత్రాల్లో తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయని మగపిల్లవాడు లేడు. కొందరు అంతటితో ఆగేవారు, కొందరు రెక్క తుంచి చూసేవారు. అలా తుంచినవాళ్లలో ఒకరు ఇప్పుడు బ్యాంకు మేనేజరు, ఒకరు కళ్ల డాక్టరు. అందుకే ఆ కథలో నేనెప్పుడూ ముని పక్షమే. అయితే పురాణం కాస్త తేలిక కేసును ఎంచుకుందని కూడా ఒప్పుకోవాలి. తూనీగకు తల్లి ఉంటుందా, ఉంటే న్యాయం అడగడానికి వస్తుందా అన్న ప్రశ్న అక్కడ లేదు.

2025 ఆగస్టులో కూకట్‌పల్లిలో ఆ ప్రశ్న వచ్చింది. తల్లిదండ్రులు పనికి వెళ్లిన వేళ ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆరో తరగతి పిల్ల హత్యకు గురైంది. కొన్ని రోజులకు పోలీసులు పట్టుకున్నది పద్నాలుగేళ్ల పిల్లవాణ్ణి. క్రికెట్ బ్యాట్ దొంగిలించడానికి వచ్చాడని, ఆ పిల్ల కంట పడేసరికి కత్తితో పొడిచాడని, దొంగతనం ఎలా చెయ్యాలో ముందే కాగితం మీద రాసుకున్నాడని వాళ్లు చెప్పారు. సరిగ్గా మాండవ్యుడి గీత మీద నిలబడ్డ వయసు. టీవీలవాళ్లు ఆ కాగితాన్ని తెర నిండా చూపించి, ఓటీటీ సినిమాల దగ్గర్నుంచి తల్లుల ఉద్యోగాల దాకా అన్నింటినీ బోనులో నిలబెట్టారు. అంతకు ఏడాది ముందు, 2024 జులైలో, నంద్యాల జిల్లా ముచ్చుమర్రిలో ఇంకా చిన్నపిల్ల మీద అత్యాచారం చేసి, చంపి, కాలువలో పడేశారని పట్టుబడ్డ ముగ్గురూ పన్నెండు, పదమూడేళ్లవాళ్లు. ఎంత గాలించినా ఆ పిల్ల శవం కూడా దొరకలేదు.

టీవీ చర్చల్లో ఒక మంచి మనిషి ఎప్పుడూ గణాంకాలు చెబుతాడు. 2022లో దేశం మొత్తం మీద నమోదైన నేరాలు 58 లక్షల పైచిలుకు, అందులో మైనర్ల మీద పెట్టిన కేసులు 30,555. అంటే సుమారు అర శాతం. ఆ లెక్క నిజమే, చెప్పాల్సిందే కూడా. పిల్లలంతా రాక్షసులైపోతున్నారన్న గోలకు అదే జవాబు. కానీ మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య ఆ వారం మెట్లు కడుగుతూ నన్ను ఆపి అడిగినప్పుడు ఆ లెక్క నా నోటికి రాలేదు. ఆమెకూ ఆరో తరగతి చదివే కూతురుంది.

"ఆ పిలగానికి ఎన్నేండ్లు పడతది సార్?" అంది.

గరిష్ఠంగా మూడేళ్లు, అదీ జైలు కాదు, ప్రత్యేక గృహం అని చెప్పాను.

"మూడేండ్లేనా? మరి ఆ తల్లికి ఎన్నేండ్లు?"

చట్టం చెప్పేది ఇది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పదహారేళ్లు నిండని పిల్లవాడు హత్యే చేసినా విచారించేది జువైనల్ జస్టిస్ బోర్డు. అందులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. మూడేళ్లకు మించి ఎక్కడా ఉంచడానికి లేదు. పదహారు దాటి పద్దెనిమిది నిండనివాడు కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోర నేరం చేస్తే మాత్రం, వాడి మానసిక, శారీరక శక్తిని, పర్యవసానాలు తెలుసుకునే తెలివిని, నేరం జరిగిన పరిస్థితుల్ని బోర్డు మూడు నెలల్లో అంచనా వేసి, పెద్దవాడిగా విచారించమని బాలల కోర్టుకు పంపవచ్చు. అక్కడా ఉరి లేదు, విడుదలకు దారి లేని యావజ్జీవం లేదు.

ఈ రెండో అర ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. 2012 డిసెంబరు 16 రాత్రి ఢిల్లీ బస్సులో ఒక అమ్మాయి మీద అత్యాచారం చేసిన ఆరుగురిలో ఒకడికి పద్దెనిమిది నిండడానికి ఇంకా ఆర్నెల్లుంది. 1986 చట్టమే ఉండి ఉంటే, మగపిల్లలకు పదహారే హద్దు కాబట్టి, వాడు పెద్దవాళ్లతో పాటు బోనెక్కేవాడు. 2000లో హద్దును పద్దెనిమిదికి జరిపాం, అంతకు ఎనిమిదేళ్ల ముందు ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికకు ఒప్పుకున్నాం గనక. వాడికి మూడేళ్లు పడింది. ఆ ఘటన తర్వాత వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో, దేశం ఇంకా రోడ్ల మీద ఉండగానే, వయసు తగ్గించొద్దని రాసింది. సుప్రీంకోర్టు కూడా ఆ హద్దును కొట్టేయలేదు. 2015 డిసెంబరు 20న వాడు బయటికొచ్చాడు. 22న, చనిపోయిన ఆ అమ్మాయి తల్లిదండ్రులు గ్యాలరీలో కూర్చుని చూస్తుండగా రాజ్యసభ కొత్త బిల్లును ఆమోదించింది. ఆ చట్టం వాడికి వర్తించదు. వాళ్లకూ ఆ సంగతి తెలుసు. తమ బిడ్డకు పనికిరాని చట్టం కోసం వాళ్లు రెండు రోజులు తిరిగారు.

వయసు మీద ఇంత యుద్ధం జరిగింది కదా, ఆ వయసు ఎక్కడ పుడుతుందో నాకు తెలుసు. మా నాన్న ఊరి బడిలో హెడ్మాస్టరు. జూన్ నెలలో తండ్రులు పిల్లల చెయ్యి పట్టుకుని వచ్చేవారు. ఎప్పుడు పుట్టాడయ్యా అంటే, ఉప్పెన వచ్చిన ఏడు కడుపులో ఉన్నాడండి అనో, మా పెద్దావు ఈనిన వారానికండి అనో జవాబు. నాన్న పిల్లవాణ్ణి పిలిచి, కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేవారు. అందితే అయిదేళ్లు నిండినట్టు. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవారు. అందినవాడికి రిజిస్టర్లో జూన్ ఒకటో, జులై ఒకటో పుట్టినరోజు పడిపోయేది. కాస్త తెలివైన తండ్రయితే, ఉద్యోగంలో నాలుగు రోజులు ఎక్కువుంటాడు, ఒక ఏడు తగ్గించి రాయండి మాస్టారూ అని బతిమాలేవాడు. మా తరం తెలుగువాళ్లలో సగం మంది రిటైర్మెంటు విందులు మే, జూన్ నెలల్లోనే జరగడం అందుకే.

చట్టంలోని 94వ సెక్షన్ వయసు తేల్చడానికి మొట్టమొదట చూడమన్నది ఈ రిజిస్టర్నే. బడి కాగితమో, మెట్రిక్ సర్టిఫికెట్టో. అది లేకపోతే మునిసిపాలిటీ, పంచాయతీ ఇచ్చే పుట్టిన తేదీ పత్రం. రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఢిల్లీ కేసులోనూ వాడు మైనరని తేల్చింది వాడి ఊరి బడి కాగితమే. ఎముకల పరీక్ష చెయ్యమన్న పోలీసుల మాట బోర్డు ఒప్పుకోలేదు. అంటే ఒక హెడ్మాస్టరు ఎండలో కుర్చీ వేసుకుని, చెవి అందిందో లేదో చూసి రాసిన తేదీ మీద, మూడేళ్లా ఉరా అన్నది తేలుతుంది. మిగతావాళ్లలో నలుగురిని 2020 మార్చిలో ఉరి తీశారు. అయిదోవాడు విచారణ కాలంలోనే తీహార్ జైల్లో చనిపోయాడు. పేపర్లు రాసిన దాని ప్రకారం ఆ ఆరోవాడు దక్షిణాదిలో ఎక్కడో వంటపని చేసుకుంటున్నాడు.

రిజిస్టర్ కథ ఢిల్లీలో ఆగలేదు. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక యువతి మీద జరిగిన అత్యాచారం, హత్య మనం ఎవరమూ మరిచిపోలేదు. దిశ కేసుగా పేరుపడ్డ ఆ కేసులో అరెస్టయిన నలుగురూ డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లారు, టపాకాయలు కాల్చారు, మిఠాయిలు పంచారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. కావాలనే చంపారని, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలని రాసింది. పోలీసు అధికారులు దాన్ని హైకోర్టులో సవాలు చేశారు. ఆ నివేదికలో అందరూ గబగబా దాటేసిన సంగతి ఒకటుంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని కమిషన్ తేల్చింది, బడి రికార్డుల ఆధారంగా. వాళ్లు ఆ నేరం చేశారా లేదా అన్నది ఏ కోర్టూ తేల్చకముందే, వాళ్ల వయసెంతో ఎవరూ అడగకముందే, రాష్ట్రమంతా తీర్పు చెప్పి మిఠాయి తినేసింది. వయసు తగ్గించాలా వద్దా అని మనం గంటలకొద్దీ వాదిస్తాం. మనకు నిజంగా ఆవేశం వచ్చిన రోజున వయసు కనుక్కునే ఓపిక కూడా ఉండదు.

పోనీ, వయసు పక్కనబెట్టి మనసు చూద్దామంటుంది 2015 చట్టం. పదహారు దాటినవాడికి తాను చేసిందేమిటో తెలుసా? వినడానికి తేలికైన ప్రశ్న. చంపడం తప్పని తెలియని పదహారేళ్లవాడెవడు? అయిదేళ్ల పిల్లను అడిగినా చెబుతుంది. తెలియడం వేరు, తెలిసినదాన్ని ఆ క్షణంలో పట్టుకుని నిలబడడం వేరు. అమెరికాలో లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సహచరులతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. కంప్యూటర్ మీద కారు నడిపే ఆట. ఒంటరిగా ఆడినప్పుడు కుర్రవాళ్లకూ పెద్దవాళ్లకూ పెద్ద తేడా లేదు. పక్కన స్నేహితులు కూర్చోగానే కుర్రవాళ్లు సాహసాలు మొదలుపెట్టారు, పెద్దవాళ్లు మాత్రం ఎప్పటిలాగే ఆడారు. 2022 మేలో జూబ్లీహిల్స్ పబ్బు నుంచి బయల్దేరిన కారులో జరిగిన అత్యాచారంలో ఆరుగురు నిందితులైతే అయిదుగురు మైనర్లు. ఆ ప్రయోగం వాళ్లకు సాకు కాదు. ఆ అమ్మాయీ పదిహేడేళ్లదే, ఆమె పక్కన ఏ స్నేహితురాలూ లేదు. కానీ వాళ్లలో ఒక్కొక్కణ్ణీ విడిగా ప్రశాంతమైన గదిలో కూర్చోబెట్టి నీకు తెలుసా అని అడిగితే, ఆ గదిలో జవాబు చెప్పేవాడు కారులో కూర్చున్నవాడు కాడు.

గురుగ్రామ్ కేసు నాకు మరీ గుర్తుంటుంది, మాండవ్యుడి కథ అందులో మళ్లీ జరిగింది కాబట్టి. 2017 సెప్టెంబరులో ఒక ప్రైవేటు బడి మరుగుదొడ్డిలో ఏడేళ్ల పిల్లవాడి గొంతు కోశారు. పోలీసులు ఆ బడి బస్సు కండక్టర్ని పట్టుకున్నారు, నేరం ఒప్పుకున్నాడని కూడా చెప్పారు. ఆయన రెండు నెలలు లోపల ఉన్నాక సీబీఐ వచ్చి, కండక్టర్ కాదు, అదే బడిలో పదకొండో తరగతి పిల్లవాడని, పరీక్షలు వాయిదా పడతాయని చేశాడని అంది. కండక్టర్ని కేసు నుంచి తప్పించారు. ఆయన ఒంట్లో ఎంత మొన మిగిలిందో మనకు తెలియదు. ఆ విద్యార్థిని పెద్దవాడిగా విచారించాలా అన్నది బోర్డు నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచింది. 2022 జులైలో సుప్రీంకోర్టు ఈ అంచనా చాలా సున్నితమైన పని అని, బోర్డులో పిల్లల మనస్తత్వం తెలిసినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలని చెప్పింది. చట్టం వచ్చిన ఆరేళ్లకు ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా ఎన్ని బోర్డుల్లో ఎంతమంది పిల్లల మనసులు ఎలా చదివారో ఊహించుకోవలసిందే.

నిపుణులు వస్తే మాత్రం రేపటి సంగతి తెలుస్తుందా? 1993లో ఇంగ్లండులోని బూటిల్‌లో రెండేళ్ల పసివాణ్ణి అంగడి నుంచి ఎత్తుకుపోయి చంపిన ఇద్దరూ పదేళ్లవాళ్లు. పెద్దల కోర్టులో విచారించారు. బోనులోంచి వాళ్లకు బయట కనబడదని నేల ఎత్తు పెంచి నిలబెట్టారు. ఆ విచారణ న్యాయంగా జరగలేదని 1999లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు తేల్చింది. 2001లో కొత్త పేర్లతో ఇద్దర్నీ విడిచిపెట్టారు. ఇద్దరిదీ ఒకే వయసు, ఒకే నేరం, ఒకే తీర్పు. ఒకడు మళ్లీ మళ్లీ జైలుకొచ్చాడు. రెండోవాడి గురించి ఏ వార్తా లేదు. పదేళ్లప్పుడు వాళ్లిద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి ఎవడు ఏమవుతాడో చెప్పగలవాడు ఎవడున్నాడు? మరుసటి ఏడు నార్వేలోని ట్రాన్‌హైమ్‌లో అయిదేళ్ల పిల్ల అలాగే పిల్లల చేతిలో చనిపోయింది. అక్కడ ఆ పిల్లల పేర్లు బయటికి రాలేదు, వాళ్లు మళ్లీ బడికి వెళ్లారు. ఈ రెండో కథ చెప్పి, చూశారా నార్వే ఎంత గొప్పదో అనడం నాకిష్టం లేదు. అంత చిన్న, అంత డబ్బున్న దేశం పిల్లవాడి వెంట రోజూ ఒక మనిషిని పెట్టగలదు.

అమెరికా మాత్రం మనకు పనికొచ్చే పాఠం. 1995లో జాన్ డిలూలియో అనే ప్రిన్స్‌టన్ ఆచార్యుడు కరుణ తెలియని కొత్త రకం పిల్లలు ఉప్పెనలా వస్తున్నారని జోస్యం చెప్పాడు. దాదాపు రాష్ట్రాలన్నీ పోటీపడి పిల్లల్ని పెద్దల కోర్టులకు తోశాయి. ఉప్పెన రాలేదు, పిల్లల నేరాలు ఏడాదికేడాది తగ్గాయి. ఆ ఆచార్యుడు తన జోస్యం తప్పని చెప్పి, 2012లో అక్కడి సుప్రీంకోర్టు పిల్లలకు పెరోల్ లేని తప్పనిసరి జీవితఖైదును కొట్టేసిన కేసులో పిల్లల తరఫు వాదనకే సంతకం పెట్టాడు. ఈలోగా 2007లో అమెరికా ప్రజారోగ్య సంస్థ వేసిన నిపుణుల బృందం లెక్కలు చూసి, పెద్దల కోర్టులకు వెళ్లివచ్చిన పిల్లలే తర్వాత ఎక్కువ హింసకు దిగారని తేల్చింది. కఠినంగా ఉండడం తప్పని నేననను. కఠినంగా ఉంటే నేరం తగ్గుతుందన్న మాటకు అక్కడ ఆధారం దొరకలేదని మాత్రమే అంటున్నాను.

మన దగ్గర ఇంకో చిక్కుంది. గృహాల్లో ఉండే పిల్లలెవరు? పోలీసు జీపెక్కేటప్పుడు ఎవరికీ ఫోన్ చేయలేనివాళ్లే ఎక్కువ. 2024 మేలో పుణేలో పదిహేడేళ్ల కుర్రవాడు నడిపిన పోర్షే కారు ఇద్దరు యువ ఇంజినీర్లను చంపింది. గంటల్లోనే బెయిలు వచ్చింది, రోడ్డు ప్రమాదాల మీద మూడు వందల మాటల్లో వ్యాసం రాయమన్న షరతుతో. (ఆ లెక్కన చూస్తే నా శిక్ష ఎప్పుడో పూర్తయింది.) దేశం నవ్వింది, తర్వాత మండిపడింది. నిజానికి మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ వంటి మార్గాలు చట్టంలో ఉన్నవే. చిన్న తప్పులు చేసిన పేద పిల్లలకు వాటిని ఇచ్చి ఉంటే ఎవరూ నవ్వరు. అక్కడ కుళ్లు వ్యాసంలో లేదు, రక్తపు సీసాలో ఉంది. నమూనా మార్చేశారన్న ఆరోపణ మీద డాక్టర్లనూ, కుర్రవాడి తల్లిదండ్రులనూ అరెస్టు చేశారు. చట్టంలోని దయ డబ్బున్నవాడి దగ్గరికి నడిచి వెళ్లిందని జనానికి అనిపించింది. ఆ కోపంలో మనం గీతను కిందికి జరిపితే ముందుగా తెగేది పోర్షే నడిపేవాడి మెడ కాదు.

అందుకే నాకు మాండవ్యుడి రెండో తీర్పు గుర్తొస్తూ ఉంటుంది. శిక్ష వేసే దేవుడు మనుషుల మధ్య పుట్టి, ధర్మం తెలిసి కూడా ఎవరి చేతా చేయించలేక, కురుసభలో ఒక మూల కూర్చోవాలి. ఒక పిల్లవాణ్ణి మూడేళ్లు ప్రత్యేక గృహానికి పంపిన బోర్డు ఆ మూడేళ్లలో ఎన్నిసార్లు ఆ గృహం గడప తొక్కింది? ప్రతి గృహానికీ తనిఖీ కమిటీలు, ప్రతి పిల్లవాడికీ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక, ప్రొబేషన్ ఆఫీసరు నివేదిక, బయటికొచ్చాక ఆసరా, అన్నీ చట్టంలో రాసి ఉన్నాయి. రాసినవి జరిగాయో లేదో మనకు తెలిసేది ఏ గృహం గోడో దూకి పిల్లలు పారిపోయినప్పుడు మాత్రమే. ఈ మూడేళ్లు శిక్ష కాదు, మార్చడానికి తీసుకున్న గడువు అని చట్టం అంటుంది. మంచిదే. గడువు తీసుకున్నవాడు లెక్క చెప్పాలి కదా.

నా మిత్రుడొకాయన, నలభై ఏళ్లు క్రిమినల్ కేసులు వాదించి రిటైరైనవాడు, ఈ మాటకు ఒప్పుకోడు. పిల్లవాడి పేరు, ఫొటో, బడి, ఊరు ఏదీ బయటికి రాకూడదని 74వ సెక్షన్ ఉంది, ఇంక ఎవరికి లెక్క చెప్పమంటారు అంటాడు.

"చనిపోయిన పిల్ల తల్లికి," అన్నాను. "పేరు వద్దు, ఫొటో వద్దు. ఎలాగూ ఆవిడకు తెలుసు. ఏడాదికొకసారి బోర్డు నుంచి ఒక కాగితం. ఇన్నిసార్లు డాక్టరు చూశాడు, ఈ తరగతి చదువుతున్నాడు, చేసిన పని గురించి మాట్లాడగలుగుతున్నాడా లేదా, రేపు బయటికొస్తే ఎవరి కనుసన్నల్లో ఉంటాడు. అంతే."

"అది చదివి ఆవిడకేం ఒరుగుతుందండీ? వాడు కుట్టుపని నేర్చుకుంటున్నాడని తెలిస్తే కడుపు మండదూ?"

"మండనివ్వండి. ఆ మంట ఆవిడ హక్కు. ఇప్పుడు మాత్రం చల్లగా ఉందా? కేసు మొదలైన రోజున తలుపు మూసేస్తారు. మూడేళ్ల తర్వాత వాడు బయట తిరుగుతున్నాడని ఎవరో చెబితే తెలుస్తుంది. ఈ మధ్యలో ఆవిడకు మిగిలేది టీవీవాళ్ల మైకు ఒక్కటే. ఉరి తియ్యండి అనక ఇంకేమంటుంది?"

ఆయన కాసేపు లాయరు బుద్ధితో ఆలోచించాడు. తల్లికిచ్చిన కాగితం పేపరువాళ్ల చేతికి వెళ్లకుండా ఎలా, మారకపోతే మారలేదని రాసే ధైర్యం గృహం సూపరింటెండెంటుకు ఉంటుందా అని అడిగాడు. రెండూ మంచి ప్రశ్నలే. మొదటిదానికి ఇప్పుడున్న సెక్షనే సరిపోతుందన్నాను. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు. అలా రాయాల్సి వస్తుందన్న భయానికైనా డాక్టర్ని ఇంకోసారి పిలుస్తారేమో.

"అన్నీ బానే ఉన్నాయి గానీ," అన్నాడు చివరికి, "ఆ కాగితం రాయాల్సింది ప్రొబేషన్ ఆఫీసరు. పోస్టు ఖాళీగా ఉన్నచోట ఎవరు రాస్తారు మాస్టారూ?"

"పోస్టు ఖాళీగా ఉందని రాసి పంపమనండి," అన్నాను. "అదీ ఆవిడకు తెలియాలి."